ఎడమవైపు సీటు

ఫిబ్రవరి 11

బుజ్జమ్మా,

మీ అమ్మ పాసయింది.

దీవెనలూ క్షేమ సమాచారాలూ తర్వాత రాస్తాను, ముందు ఈ మాట నీ చేతికందాలి. ముప్పైకి ఇరవై ఏడు. జనవరిలో ఇదే పరీక్ష పెడితే పదకొండు వచ్చాయి. పదకొండు ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ. ఫిజియో అమ్మాయి కాగితం నా చేతికిస్తే కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాను. పక్క మంచం ఆయన కొడుక్కి చూపించాను. లిఫ్టులో ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ ఉంటే ఆవిడక్కూడా చూపించాను.

ఈ పరీక్ష సంగతి నీకు సరిగ్గా తెలియదు కదా. మెదడులో నరం చిట్లిన వాళ్ళందరికీ మొదట్లో ఒకసారి, మళ్ళీ ఏడో వారంలో పెడతారు. ఇవాళ ఏ వారం, ఏ నెల అని అడుగుతారు. తాళం, గొడుగు, గిన్నె అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటారు. గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమంటారు. మంచం దగ్గర్నుంచి తలుపు దాకా నడిచి వెనక్కి రావాలి. ఎడం చేత్తో కప్పు ఎత్తాలి. ఇరవై దాటితే ఇంటికి పంపేస్తారు. దాటకపోతే పై అంతస్తులో ఇంకో వార్డు ఉంది, రీహాబ్ వార్డంటారు, అక్కడ ఆరు వారాలు ఉంచేసుకుంటారు. ఫెయిలైన వాళ్ళ వార్డన్నమాట. మెట్ల మీద ఒకసారి తొంగి చూశాను, పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని చిన్నపిల్లల్లాగా డబ్బాలో బంతులు వేస్తున్నారు. మీ అమ్మని అక్కడికి పంపకూడదని ఆ రోజే అనుకున్నాను.

పెద్ద డాక్టరు మొదట్లో అరవై అన్నాడని రాశాను కదా. ఏడాది తిరిగేసరికి తన పనులు తను చేసుకునే అవకాశం వందకి అరవై అని. అరవై అంటే ఫస్టు క్లాసేగా అని నేను సంతోషించాను. ఇప్పుడు ఈ కాగితం చూసి ఎనభై అన్నాడు. నా సర్వీసులో ఇంత చప్పున మారిన స్టూడెంటుని నేను చూడలేదు.

నేనూ చేతులు ముడుచుకు కూర్చోలేదులే. ముప్పై ఎనిమిదేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపినవాణ్ణి. ‘మాస్టారి దగ్గర నేర్చుకున్నవారెవరూ ఫెయిలు కాలేదు’ అని బోర్డు మీద రాయించింది ఊరికే కాదు. స్కూలు మీ బావ చేతికిచ్చి నాలుగేళ్ళయినా ఆ మాట చెరపలేదు వాడు. మీ అమ్మతో ఆ బోర్డు నిలబడింది.

శనివారం ఇంటికి తీసుకొచ్చాను. ఆరు మెట్లు ఎక్కేసరికి ఆవిడకంటే నాకే ఆయాసం వచ్చింది. ఆస్పత్రి కుర్చీలో ఏడు వారాలు పడుకున్నానేమో, ఇంట్లో మంచం మీద వాలితే నడుము ఒప్పుకోవడం లేదు.

మీ పెద్దత్తకీ, చిన్న మామయ్యకీ, పిన్నికీ, మీ బావకీ ఫోన్లు చేసి పాసయిందని అరిచి చెప్పాను. వాళ్ళేమన్నారో నాకు వినపడలేదు, సంతోషించే ఉంటారు. నా చెవుల సంగతి నీకు తెలుసు కాబట్టి నీకు ఉత్తరమే. నువ్వూ మీ వాతావరణ కేంద్రంలో ఫోను రీడింగులు పంపడానికే అంటావు. కొండ మీద చలి ఎక్కువగా ఉంటుంది, చెవులు కప్పుకో. నీ చెవులైనా మిగలాలి.

ఇట్లు, పట్టరాని సంతోషంలో ఉన్న
నాన్న


ఫిబ్రవరి 17

నాన్నా,

నీ ఉత్తరం తపాలా జీపు దగ్గరే నిలబడి చదివాను. లోపలికొచ్చి మళ్ళీ చదివాను. ఇక్కడ నాతోపాటు డ్యూటీలో ఉండే ఆయన ‘ఏమ్మా, బాగుందా, బాగాలేదా’ అని అడిగితే, పాసయిందట అన్నాను. ఏ పరీక్ష అని అడగలేదు. చాలాకాలం తర్వాత నా మొహంలో నవ్వు చూశానన్నాడు.

ఒక సంగతి. మార్చి ఒకటిన కిందికి దిగే వంతు నాది. అమ్మ కోసమే అడిగి పెట్టుకున్నాను. ఆయన భార్యకి మార్చిలో పురుడు. ఎనభై అని నువ్వు రాశాక, నా వంతు ఆయనకిచ్చేశాను. నేను మేలో దిగి నెల్లాళ్ళు ఉంటాను. అప్పటికి అమ్మ నన్ను వంటింట్లోంచి తరుముతూ ఉంటుంది.

అరవై గురించి మాత్రం చెప్పనివ్వు, ఇది నా పని. రేపు వానకి అరవై పాళ్ళు అవకాశం అని మేం రాస్తాం. అంటే వాన ఫస్టు క్లాసులో వస్తుందని కాదు. ఇలాంటి మబ్బులు వందసార్లు కమ్మితే అరవైసార్లు కురిసింది, నలభైసార్లు కురవలేదు అని. రేపు మాత్రం ఒక్కటే రేపు. డాక్టరు కూడా అంతే. అమ్మలాంటి వందమందిని చూసి చెప్పాడు. అందుకే ఆ వందమందీ నిజంగా అమ్మలాంటి వాళ్ళేనా అన్నది ముఖ్యం. కొలత తప్పయితే అంచనా కూడా తప్పే. ఊరికే చెప్తున్నాను, అమ్మ కొలత బాగానే ఉంది కదా.

ఆ గడియారం బొమ్మ నీ దగ్గరుంటే పంపు. దాచుకుంటాను. కాగితం చూడకుండా ఏదీ నమ్మలేని జబ్బు పట్టుకుంది ఈ ఉద్యోగంలో.

ఎడం చెయ్యి ఎలా ఉంది? నువ్వు సరిగ్గా తింటున్నావా?

బుజ్జి


ఫిబ్రవరి 23

బుజ్జమ్మా,

నువ్వు వాన గురించి చెప్పు, ఒప్పుకుంటాను. మీ అమ్మ గురించి నేను చెప్తాను. నేను సంతోషంగా రాస్తే నువ్వు కురవని నలభై రోజుల గురించి రాస్తావా? ఆ మాటకి రెండు రోజులు నా మనసు బాగాలేదు. మీ పెద్దత్త అననే అంది, చదువుకున్న పిల్లలకి సంతోషించడానిక్కూడా రుజువు కావాలిరా అని. వినపడేలా అరిచి మరీ చెప్పింది.

వంతు ఇచ్చేసి మంచి పని చేశావు. పురిటికి మనిషి దగ్గరుండాలి. ఇక్కడ నువ్వొచ్చి చేసేదేమీ లేదు. నేనున్నాను.

గడియారం పంపుతున్నాను, చూడు. పరీక్ష రోజు వేసింది వాళ్ళ ఫైల్లో ఉంది. ఇది ముందు రోజు వేసింది. అచ్చుగుద్దినట్టు లేదూ? అరవైసార్లు వేయించాను. ఏం అడుగుతారో నాకు జనవరి పరీక్షలోనే తెలిసిపోయింది కదా, లైసెన్సు ఇన్‌స్పెక్టరు ఏ మలుపు దగ్గర ఏమంటాడో తెలిసినట్టే. వారం, నెల పొద్దున్నే చెప్పించేవాణ్ణి. తాళం, గొడుగు, గిన్నె మీ అమ్మకి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. గడియారంలో కుడి సగం వేసి ఆగిపోయేది, అందుకని కాగితం తిప్పడం నేర్పాను. నేను దగ్గితే తిప్పాలి. నీకు గుర్తుందా, ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో ఉంటే నా దగ్గులు? ఒక దగ్గు అద్దం, రెండు దగ్గులు ఇండికేటరు. పరీక్ష రోజు రెండుసార్లు దగ్గాను. ఫిజియో అమ్మాయి పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నడిచేటప్పుడు తలుపు దగ్గర నేనే నిలబడ్డాను, ఆవిడ నన్ను చూసి తిన్నగా వచ్చేసింది.

ఎడం చెయ్యి కప్పు ఎత్తుతుంది, ‘ఎడం చెయ్యి’ అని చెప్తే. చెప్పకపోతే ఒళ్ళో పెట్టుకుని మర్చిపోతుంది. మర్చిపోవడం తప్ప ఇంకేం లేదు. జుట్టు కుడివైపు దువ్వి, దువ్వాను అంటుంది. ఒక చెప్పే వేసుకుని బయల్దేరుతుంది. పళ్ళెంలో సగం తిని అయిపోయింది అంటుంది. అది మొదట్లో నాకు అర్థం కాలేదు, ఆకలి లేదేమో అనుకున్నాను. ఇప్పుడు పళ్ళెం గిర్రున తిప్పుతాను, మిగతా సగం కూడా తినేస్తుంది. ఎంత చిన్న చిట్కా చూడు. ఆమెకి కుడిపక్కనే కూర్చుంటున్నాను, ఎడమపక్క కూర్చుంటే నేను ఏదో ఊరెళ్ళానన్నట్టు చూస్తుంది.

వంటింటి గుమ్మం కొంచెం ఇరుకు. మోచేతికి తగులుతుంటే ఆ అంచుకి పాత దుప్పటి చుట్టి మేకులు కొట్టాను.

ఇదంతా చేసేసరికి నాకు సాయంత్రం అయిదింటికే కళ్ళు మూసుకుపోతున్నాయి. ఫరవాలేదు. సంతోషంగా అలిసిపోవడంలో బాధ లేదు.

నువ్వు సంతోషించడం మొదలుపెట్టావని నమ్ముతూ,
నాన్న


మార్చి 1

నాన్నా,

ఈ ఉత్తరం రాసి మూడుసార్లు చింపాను. మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

నాకు లైసెన్సు ఎలా వచ్చిందో గుర్తు చేసుకో. మైదానంలో నీలం డ్రమ్ము ఉండేది. డ్రమ్ము కిటికీకి ఎదురుగా రాగానే స్టీరింగు ఒకటిన్నర చుట్టు తిప్పు అన్నావు. తిప్పాను. మొదటిసారికే పాసయ్యాను, అందరికీ చెప్పావు. మూడో రోజు ఒంటరిగా రోడ్డెక్కితే ఎడమకి తిరగాల్సిన చోట డ్రమ్ము లేదు. పూలకొట్టు బల్లని గుద్ది ఆగాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో నేను స్టీరింగు ముట్టుకోలేదు. నువ్వు అడగలేదు. లైసెన్సు ఉందిగా అన్నావు.

పదకొండూ పది అమ్మకి నీలం డ్రమ్ము, నాన్నా.

ఆమె మర్చిపోవడం లేదు. ఆమెకి ఎడమవైపు లేదు. పళ్ళెంలో, అద్దంలో, గుమ్మంలో, నీలో కూడా. ఎడమపక్క కూర్చుంటే ఊరెళ్ళినట్టు చూస్తుందని నువ్వే రాశావు, రాసి ముందుకెళ్ళిపోయావు. ఇక్కడి మందుల పెట్టెతోపాటు ఉన్న పుస్తకంలో కూడా ఈ లక్షణం ఉంది. మెదడు కుడివైపు దెబ్బ తింటే వస్తుందట. నేర్పితే చాలామందికి తగ్గుతుందట. ఆ నేర్పే చోటు, నువ్వు మెట్ల మీంచి తొంగి చూసిన చోటు. ఇరవై ఏడు వచ్చింది కాబట్టి ఆమెని అక్కడికి వెళ్ళనివ్వలేదు. ఎనభై అని డాక్టరు చెప్పింది ఇంకెవరి గురించో.

ఒక్క పని చెయ్యి. అమ్మకి కాగితం ఇచ్చి నాలుగూ నలభై వెయ్యమను. దగ్గకు. ఏం వస్తే అది తీసుకెళ్ళి ఫిజియో అమ్మాయికి చూపించి, జరిగింది చెప్పు. దగ్గులతో సహా.

ఆ మోచెయ్యి గుమ్మానికి ‘తగులుతుంటే’ అని రాశావు. ఎన్నిసార్లు తగిలింది? పడిందా?

బుజ్జి


మార్చి 7

బుజ్జమ్మా,

పడింది. ఫిబ్రవరి పంతొమ్మిదిన. కిందటి ఉత్తరం రాసేటప్పటికే పడి నాలుగు రోజులు. రాయలేదు. ఎముకలు బాగానే ఉన్నాయి. కింద కూర్చుండిపోయింది, నేను లేపలేకపోయాను. ఇద్దరం వంటింటి నేల మీద అరగంట కూర్చున్నాం, పైవాటా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా. మీ అమ్మ మాత్రం ఎవరో తోశారు అంటుంది.

నీ ఉత్తరం చదివి ముందు చాలా కోపం వచ్చింది. పూలకొట్టు మాట నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. బల్ల దాని కాళ్ళు విరిగి పడిందని మీ అమ్మ చెప్పింది అప్పట్లో. మీరిద్దరూ నా దగ్గర దాచారు. నేను అలా దాచిపెట్టించుకునే మనిషినా అని ఒక రోజంతా ఆలోచించాను.

తర్వాత కాగితం ఇచ్చి నాలుగూ నలభై అన్నాను. చేత్తో నోరు మూసుకుని కూర్చున్నాను. పన్నెండు అంకెలూ కుడి సగంలోనే వేసింది, ఒకదాని మీద ఒకటి, బస్సులో జనం లాగా. ఎడమ సగం తెల్లగా ఉంది. చూపించి, బాగుందా అని అడిగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. ఫిజియో అమ్మాయికి అంతా చెప్పాను. చాలా చిన్న పిల్ల, నీకంటే చిన్నది. అరుస్తుందనుకున్నాను. ఫైలు మూసింది. తర్వాత నాకు వినపడాలని దగ్గరికి జరిగి చెప్పింది, ‘మాస్టారూ, ఆ రోజు పాసయింది మీరు. ఆవిడ కాదు.’

పై అంతస్తు ఫెయిలైన వాళ్ళది కాదట. ఇంకా నేర్చుకోగలిగిన వాళ్ళదట. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే జరుగుతుందట, తర్వాత కూడా జరుగుతుంది కానీ నెమ్మదిగానట. ఆ నెలల్లోంచి ఒక నెల నేను తినేశాను. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. నేనే వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాను. డాక్టరు ఎనభై కొట్టేశాడు. కొత్త సంఖ్య అడిగితే మళ్ళీ పరీక్ష అయ్యాక చెప్తానన్నాడు. పైన మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మార్చి ఇరవై ఎనిమిదిన పరీక్ష పెట్టి, ఖాళీ ఉంటే పైకి తీసుకుంటారు.

అప్పటిదాకా నాకు ఒక పని చెప్పారు. పళ్ళెం తిప్పకూడదు. దుప్పటి పీకెయ్యాలి, ఆ అంచుకి ఎర్ర రిబ్బను కట్టి అది కనపడేదాకా తల తిప్పమనాలి. నేను ఎప్పుడూ ఆమెకి ఎడమపక్కనే కూర్చోవాలి, మాట్లాడాలంటే ఆమే తిరగాలి.

ముప్పై ఎనిమిదేళ్ళు స్టూడెంటుకి ఎడమవైపు సీట్లోనే కూర్చున్నాను. ఇంట్లో మాత్రం కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను.

నువ్వొచ్చి చేసేదేమీ లేదని రాశాను కదా. రావాలనే ఉండింది.

నాన్న


మార్చి 13

నాన్నా,

నీకు అలా రాసి, జీపు వెళ్ళిపోయాక ఆపుదామని రోడ్డు దాకా పరిగెత్తాను.

తప్పు నీ ఒక్కడిదే కాదు. దగ్గు సంగతి, కాగితం తిప్పే సంగతి తర్వాత తెలిశాయి సరే. కానీ నెల తిరగకుండానే పదకొండు నుంచి ఇరవై ఏడు అని చదవగానే నాకు అనుమానం రావాలి. ఇక్కడ ఏ యంత్రమైనా ఒక్క పూటలో అంత గెంతు గెంతితే ముందు యంత్రాన్ని విప్పి చూస్తాను. నీ ఉత్తరం విప్పి చూడలేదు. అలిసిపోయి ఉన్నాను, ఆ ఇరవై ఏడు నాకూ కావాల్సి వచ్చింది. నిజమని పెట్టుకుని నా వంతు ఇచ్చేశాను. అడిగితే ఆయన తిరిగి ఇచ్చేవాడేమో. మొన్న కూతురు పుట్టిందని కబురొచ్చింది. ఇక అడగలేను.

బల్ల సంగతి నువ్వు బాధపడతావని దాచాం. అమ్మే దాచమంది. ‘ఆయనకి ఆ బోర్డు ముద్దు, పోనీలే’ అంది.

మా రిజిస్టరులో తప్పు రీడింగు పడితే చెరపకూడదు, పేజీ చింపకూడదు. పాత అంకె కనపడేలా మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. అంతకుముందు ఏమనుకున్నామో కూడా తర్వాతివాళ్ళకి తెలియాలి కాబట్టి. నువ్వు ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళి చేసింది అదే. నేనైతే వెళ్ళేదాన్నో లేదో.

ఎడమపక్క కూర్చుంటున్నావా? చూస్తోందా? ఎంత చిన్నదైనా రాయి. బాగాలేనిదైనా రాయి, బాగాలేనిదైతే ముందు రాయి.

బుజ్జి


మార్చి 29

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫెయిలయింది.

ముప్పైకి పద్నాలుగు. చిట్కాల్లేని, దగ్గుల్లేని పద్నాలుగు. ఇరవై ఏడు మీద ఒక్క గీత గీసి పక్కన పద్నాలుగు రాశారు, కింద నేను కూడా సంతకం పెడతానంటే ఫిజియో అమ్మాయి నవ్వి పెట్టనిచ్చింది. సోమవారం పై అంతస్తులో మంచం. కిటికీ పక్కది. ఆ కిటికీ మీ అమ్మకి ఎడమవైపు వచ్చేలా మంచం తిప్పి వేయిస్తారట.

ఎంత సంతోషంగా ఉందో నాకు రాయడం రావడం లేదు. వరసగా రాస్తాను, ఓపిక పట్టు.

ఈ మూడు వారాలూ ఎడమపక్కే కూర్చున్నాను. నీకు రాయలేదు, రాయడానికేమీ లేక. బాగాలేనిది ముందు రాయమన్నావు కదా, ఇదిగో. మొదటి వారం నేను ఆమె పక్కన గంటల తరబడి కూర్చుని ఉండగానే, పైవాటా ఆవిడని పిలిచి ఈయన ఎటు పోయాడు అని అడిగింది. నేను ఇక్కడున్నానే అంటే గొంతు విని ఎదురుగా గోడ వైపు చూసేది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంట్లో ఉండి కూడా లేనట్టు ఉండేది నేనే, అది అవతలి మనిషికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒక రోజు తట్టుకోలేక లేచి కుడిపక్కకి వెళ్ళి నిలబడ్డాను. ‘వచ్చారా’ అంది. రెండు నిమిషాలు అక్కడ నిలబడి మళ్ళీ ఎడమకి వెళ్ళిపోయాను. వెళ్ళగానే ‘అప్పుడే వెళ్ళిపోయారా’ అంది. పళ్ళెంలో సగం వదిలేస్తే తిప్పకుండా కూర్చోవడం మరీ కష్టం. ఆకలేస్తుంది మనిషికి. ఎర్ర రిబ్బను కనిపెట్టడం మాత్రం రోజుకి ఒకటి రెండుసార్లు వస్తోంది, చెప్పగా చెప్పగా.

నిన్న పరీక్ష. ఇవాళ ఏ వారం అంటే తప్పు చెప్పింది. తాళం, గొడుగు, గిన్నె మార్చేసి వేరే మూడు మాటలు చెప్పారు. మీ అమ్మ అవి వదిలేసి తాళం, గొడుగు, గిన్నె అని గడగడా చెప్పేసింది. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. గడియారానికి నాలుగూ నలభై కూడా కాదు, ఎనిమిదీ ఇరవై అడిగారు. ఈసారి అంకెలన్నీ కుడివైపే కానీ, ఏడు అంకె మాత్రం మధ్య గీత దాటి ఎడమవైపు పడింది. ఫిజియో అమ్మాయి ఆ ఏడుని కలంతో చుట్టింది.

తర్వాత నడక. నన్ను తలుపు దగ్గర ఉండనివ్వలేదు. మంచానికి ఎడమవైపు గోడ వార కుర్చీ వేసి కూర్చోమన్నారు, నోరెత్తకూడదు. మీ అమ్మ లేచింది. నాలుగడుగులు వేసింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది, అక్కడ ఒక బల్ల అంచు ఉంది, తిన్నగా దాని మీదకే వెళ్తోంది. నేను దగ్గలేదు. ఒట్టు, దగ్గలేదు. కానీ నా కుడి కాలు సంగతి నాకే తెలియలేదు. స్కూలు కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉండేది కదా, స్టూడెంటు తప్పు చేస్తే నేను నొక్కేది. ఆ కాలు నేలని తొక్కేస్తోంది, అరిగిన చెప్పు టైల్స్ మీద కీచుమంటోంది.

మీ అమ్మ ఆగింది. తల ఎడమకి తిప్పింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పిలవలేదు. నెమ్మదిగా, తుప్పుపట్టిన కారు అద్దం తిప్పినట్టు తిప్పింది. ముందు నా కాలు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

‘ఏమండీ, ఆ కాలు తీయండి. నడుస్తున్నది నేను’ అంది.

తీశాను.

ఆవిడ బల్లని కూడా చూసింది అప్పుడు. చూసి పక్కకి జరిగి వెళ్ళింది. తలుపు దాకా వెళ్ళి తిరిగేటప్పుడు తూలితే ఫిజియో అమ్మాయి పట్టుకుంది, పట్టుకున్నందుకు మార్కులు పోయాయి. నావైపు చూసినందుకు మార్కులు లేవు. ఆ కాగితంలో దానికి గడి లేదట. చప్పుడు విని తిరిగి ఉండచ్చు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు మాస్టారూ అంటూనే ఆ అమ్మాయి అంచున ఖాళీలో చేత్తో రాసింది: ‘ఎడమవైపు భర్తని తనంతట తానే చూసింది, మందలించింది.’ మందలించింది కింద గీత కూడా గీసింది.

డాక్టరుని కొత్త సంఖ్య అడిగాను. నలభై అయిదు అన్నాడు. ఎనభై లోంచి నలభై అయిదుకి వస్తే నేను కూలబడతానని కుర్చీ చూపించాడు. నేను నీలాగా అడిగాను, ఆ వందమందీ నిజంగా మా ఆవిడలాంటి వాళ్ళేనా అని. అవును, ఈసారి అవును అన్నాడు. అయితే చాలు అన్నాను. మిగతా యాభై అయిదులో పడితే ఏం చేయాలో కూడా అడిగి రాసుకున్నాను. స్నానాల గదిలో కడ్డీ, గుమ్మం వెడల్పు, నాకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు అనేది. ఆ కాగితం నువ్వు మేలో వచ్చాక ఇద్దరం కూర్చుని చూద్దాం. నీకు ఓపిక ఉంటే ఒకరోజు కారు కూడా తీద్దాం. డ్రమ్ములు లేని రోడ్డు మీద. నేను కాళ్ళు మడిచి పెట్టుకుని కూర్చుంటాను.

ఈ ఉత్తరం పెట్టెలో వేసి నిద్రపోతాను. మీ అమ్మ ఇప్పుడే పడుకుంది, తల కుడివైపుకే తిప్పుకుని. ఒక్క రోజుకి ఒక్కసారి చాలు.

ఇరవై ఏడని అందరికీ అరిచి చెప్పింది నేను. గీత కొట్టాల్సింది కూడా నేనే, కానీ ఫోన్లో నేను చెప్పగలను, వినలేను, ఈసారి వాళ్ళు అడిగేవి వినాలి. సోమవారం నుంచి పైన నాకూ క్లాసు ఉందట. అందుకని నువ్వే వీళ్ళకి తలా ఒక కార్డు రాయి:

మీ పెద్దత్తకి. రుజువు దొరికిందని చెప్పు. అరవొద్దను.

చిన్న మామయ్యకి. వాళ్ళక్క పై అంతస్తుకి వెళ్తోందని. అయ్యో అంటాడు, అది మంచి వార్త అని రెండుసార్లు రాయి.

పిన్నికి. వస్తే మీ అమ్మకి ఎడమవైపు కూర్చోవాలి, చూడకపోతే ఏడవకూడదు.

పైవాటా వాళ్ళకి నేను చెప్పాను. చుట్టాలు కారు కానీ నేల మీంచి లేపారు, కాబట్టి చుట్టాలే.

ఇంట్లో పురుడొచ్చిన ఆయనకి. నీ వంతు తీసుకున్నందుకు మనసులో ఏమీ పెట్టుకోవద్దని, పాపకి నా దీవెనలని.

మీ బావకి. మాస్టారి దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఫెయిలయిందని, నిచ్చెన తెచ్చి బోర్డు మీద ఆ వాక్యం చెరిపెయ్యమని. మొత్తం చెరపొద్దు. కనపడేలా మీద ఒక్క గీత.